బూడిదే కదా అనుకున్నాం

ఆ రోజు మా తమ్ముడి పొలంలో నాట్లు. వర్ని దగ్గర మా తల్లిగారి ఊరు, కాలువకు నీళ్లు వదిలిన వారమే. మా ఆయన సాయిలు నారు కట్టలు మోస్తూ గట్టు మీద టక్కున కూర్చుండిపోయాడు. రెండు కట్టలకే. బస్తా వడ్లు భుజాన వేసుకుని ముచ్చట పెడుతూ నడిచే మనిషి, నోరు తెరిచి గాలి గుంజుకుంటున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"ఏం గాలే. జెర దమ్ము అందుతలే."

"బీడీలు బంద్ జెయ్యమంటె ఇంటివా? ఇప్పుడు అనుభవించు!" అని అందరి ముందర తిట్టాను. నా నోరు ఎప్పుడూ ముందే లేస్తుంది. అప్పటికి ఆయన బీడీ ముట్టక రెండేళ్లయింది, అది కూడా గుర్తుకు రాలేదు నాకు.

మాది బోధన్. చెరకు పనులు తగ్గిపోయాక ఆయన బొగ్గు గనుల దిక్కు ఒక థర్మల్ పవర్ స్టేషన్‌లో కాంట్రాక్టు కూలీగా చేరాడు. ఆ నాట్ల దాకా ఏడేళ్లు చేశాడు. బొగ్గు కాలాక మిగిలే బూడిద గరాటుల్లాంటి పెద్ద డబ్బాల్లోకి దిగుతుంది. హాపర్లు అంటారు వాటిని. అవి జామైతే కింద నిలబడి కడ్డీతో పొడవడం, కారిన బూడిదను పారతో ఎత్తడం ఆయన పని. ముక్కుకు అడ్డంగా ఒక దస్తీ గుడ్డ, అంతే. నెలకోసారి ఇంటికొచ్చేటప్పుడు సంచి నిండా ఆ బూడిద తెచ్చేవాడు. మైదాపిండి కన్నా మెత్తన.

"సూడే, గిసొంటి బూడిద మీ అవ్వ గూడ సూసుండది," అని మురిసిపోయేవాడు.

నేను దాంతో గిన్నెలు తోమాను. చిక్కుడు తీగ మీద చల్లాను. పక్కింటి లింగవ్వకు డబ్బా నింపి ఇచ్చాను. ఆయన డ్యూటీ బట్టలు వాకిట్లో దులిపి ఉతికాను.

నాట్ల తర్వాత బోధన్‌లో ఒక క్లినిక్‌కు పోయాం. దగ్గు మందు రాశారు. తగ్గకపోతే ఎక్స్‌రే తీయించారు. డాక్టర్ సారు ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టుకుని చూశారు.

"పైన రెండు దిక్కుల ప్యాచెస్ ఉన్నయ్. దుమ్ముల పనేమన్న చేస్తవా? క్వారీ గాని, రాళ్లు కొట్టుడు గాని?"

"లేదు సార్," అన్నాడు మా ఆయన.

"అసలే లేదు సార్," అని నేను ఇంకా గట్టిగా అన్నాను.

మేము అబద్ధం చెప్పలేదు. మా ఇళ్లలో దుమ్ము అంటే ఊడ్చి బయట పారబోసేది. బూడిద అంటే గిన్నె తోమేది, విత్తనాలకు పురుగు పట్టకుండా కలిపేది, గుడిలో నుదుటికి పెట్టుకునేది. బూడిదను కూడా దుమ్మంటారని మాకు తట్టనే లేదు. సారు చీటీ మీద 'దుమ్ము లేదు' అని రాసుకున్నారు.

స్పూటమ్, అంటే కఫం పరీక్ష, నెగెటివ్ వచ్చింది. అయినా ఎక్స్‌రే టీబీ లాగానే ఉంది, కోర్సు మొదలుపెడదాం అన్నారు. ఆరు నెలల మందులు. ఆకలి చచ్చిపోయింది, బనియన్ వదులై వేలాడింది. అంటుకుంటుందని నేను ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టాను. మా బిడ్డ స్రవంతి అప్పుడు తొమ్మిదో తరగతి. దాన్ని దగ్గరికి పోనివ్వలేదు. అది గడప అవతల నిలబడి బడి ముచ్చట్లు చెప్పేది, ఆయన మంచం మీది నుంచి వినేవాడు. ఒకరోజు లెక్కల పేపర్ చూపించడానికి, "బాపూ, సూడు!" అంటూ లోపలికి ఉరికింది. నేను రెక్క పట్టి బయటికి గుంజాను. ఆయన గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

ఆయనకు టీబీ లేనే లేదు.

కోర్సు అయిపోయింది, ఆయాసం మాత్రం పెరిగింది. నిజామాబాద్‌కు తీసుకుపోయాను. అక్కడ కంఠేశ్వర్‌లో ఒక ఛాతీ డాక్టరమ్మ సీటీ స్కాన్ తీయించి, గొట్టంలో ఊదించే పరీక్ష కూడా చేయించింది. రిపోర్టులు పక్కన పెట్టి అడిగింది.

"సాయిలూ, డ్యూటీల పొద్దుగాల్నుంచి సాయంత్రం దాక ఏం చేసేటోనివో చెప్పు. నిమ్మళంగ చెప్పు."

"హాపర్ కింద బూడిద పొడుసుడు, ఎత్తుడు మేడమ్."

"దేని బూడిద?"

"బొగ్గుది. పవర్ స్టేషన్‌ల."

ఆమె పాత చీటీ తిరగేసింది. "మరి దీంట్ల దుమ్ము లేదని ఉన్నది?"

"దుమ్ము గాదు మేడమ్, బూడిదే గద," అన్నాడు మా ఆయన.

ఆమె చీటీ పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. "ఆ బూడిదల సిలికా ఉంటది. కంటికి కనబడనంత సన్నం. ఊపిరితిత్తులల్ల కూసుంటే ఇగ బయటికి రాదు, లంగ్ గట్టిపడ్తది. సిలికోసిస్ అంటరు. తగ్గించే మందు లేదమ్మా. ముదరకుంట చూసుకోవాలె."

అప్పుడు మా ఆయన నాకెన్నడూ చెప్పని సంగతులు చెప్పాడు. "ఆడ మొదటి వాన వడితె కండ్లు మండేటియి మేడమ్. మా షెడ్డు రేకులు రెండేండ్లకే జల్లెడైనయి. మిరప ఆకుల మీద మచ్చలు వడేటియి."

"బొగ్గుల గంధకం ఉంటది కద. కాలితే సల్ఫర్ డయాక్సైడ్ అయితది, మబ్బుల తేమల కలిసి యాసిడ్ వానై పడ్తది. చిమ్నీ ఎత్తుగ కడితే పొగ దూరం పోతది గాని మాయమైతదా? ఆ పొగను కడిగే మిషన్లు ఉంటయి, పెడితే."

"ఎరికైనంక గూడ పెట్టరా మేడమ్?" నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ఇన్‌హేలర్ రాసి చీటీ చేతికిచ్చింది.

బస్సులో ఆయన ఒక్కటే మాట అన్నాడు. "మంచిదని తెచ్చిన గంగామణీ. మీకు మంచిదని." నేను బస్సులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

మరునాడు లింగవ్వ ఇంటికి పోతే, "బూడిదకేమైతదే పిచ్చిదానా, దేవుని పేరు మీద పెట్టుకుంటలేమా?" అని నవ్వింది. "ఇది పొయ్యిల బూడిద గాదవ్వా," అని డబ్బా లాక్కుని, తడిపి గుంతలో పూడ్చాను. ఇంటికొచ్చి స్రవంతిని తండ్రి మంచం మీద కూర్చోబెట్టాను. ఇద్దరూ కొత్తవాళ్లలాగా ఒకరినొకరు చూసుకున్నారు.

చలికాలంలో మళ్లీ దెబ్బ. న్యూమోథొరాక్స్, లంగ్‌కు పంక్చర్ అయిందన్నారు. పక్కటెముకల మధ్య ట్యూబ్ వేసి తొమ్మిది రోజులు ఉంచారు. బతికి ఇంటికొచ్చాడు, కానీ ఆక్సిజన్ మిషన్ వెంట వచ్చింది. ఇప్పుడు రోజంతా అదే. బాత్రూమ్ దాకా నడిస్తే పావుగంట కూర్చోవాలి. నేను కుట్టు మిషన్ మీద బట్టలు కుడుతూ ఒక చెవి అటే పెడతాను.

చదివేవాళ్లకు ఒక్కటి చెప్తాను. దవాఖానలో దుమ్ముందా, పొగుందా అని అడిగితే ఉంది, లేదు అని తేల్చేయకండి. అది తేల్చాల్సింది మనం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులతో ఏం ముట్టుకుంటారో, ముక్కు ముందర ఏం లేస్తుందో మీ మాటల్లోనే చెప్పి, దాన్ని చీటీ మీద రాయించండి.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్ ఆగింది. చిన్న సిలిండర్ తగిలించి పక్కన కూర్చున్నాను. కరెంటు వచ్చి మిషన్ మళ్లీ మొదలవగానే ఆయన అన్నాడు, "నా జాగల ఎవడు జేస్తున్నడో ఏమో. గీ కరెంటు ఆడ్నుంచే వస్తది గద. వానికి ఎవరన్న జెప్పుండ్రి, బూడిద దస్తీకి ఆగదని."

ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాశాను.