అడగలేదని చెప్పని కేసు

అమెరికాలో మా చాండ్లర్ ఊళ్లో తెలుగువాళ్లకు ఏ చిక్కు వచ్చినా ముందు లాయర్ దగ్గరికి వెళ్లరు, మా ఇంటికొస్తారు. మా ఆయన శ్రీధర్ ఉత్త సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అయినా వీసా ఇంటర్వ్యూకి వెళ్లే ప్రతివాళ్లకీ ఆయన ఉపదేశించే మంత్రం ఒకటుంది: "అడిగినదానికే ఆన్సర్ చెయ్యి. అడగనిదానికి నోరు విప్పకు."

ఆయనకు దూరపు చెల్లెలి వరస మైత్రి. ఆ మంత్రంతోనే వీసా తెచ్చుకుని, ఇక్కడ చదివి, వైద్యం చేయడానికి బోర్డు ఇచ్చే లైసెన్స్ తీసుకుని ఫిజియోథెరపిస్టు అయింది. పక్షవాతం వచ్చినవాళ్లచేత మళ్లీ అడుగులు వేయిస్తుంది. ఆ పిల్ల గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

కిందటేడు జలుబు మందు వేసుకుని డ్రైవ్ చేస్తూ, కునుకు పట్టి, కారును సైడ్‌వాక్ మీదికి ఎక్కించింది. మత్తులో నడిపిందని పోలీసులు కేసు పెట్టారు. ఏడుస్తూ మా ఇంటికొచ్చింది.

"లైసెన్స్ బోర్డ్‌కి ఇన్ఫార్మ్ చేయాలా అన్నయ్యా?"

"వాళ్లు అడిగారా? లేదుగా! ఎలాగూ డిస్మిస్ అవుతుంది. నలుగురికీ తెలిస్తే మన పరువేం కావాలి?"

అన్నట్టే కేసు కొట్టేశారు. మైత్రి గుళ్లో కొబ్బరికాయ కొట్టి, మాకు స్వీట్లు తెచ్చింది. లైసెన్స్ రెన్యువల్ ఫారంలో కేసుల సంగతి అడిగితే దాచకుండా రాసేసింది. కేసే పోయాక ఇంకా భయమేమిటి?

బోర్డు విచారణాధికారి ఫోన్ చేస్తానన్న రోజు, ధైర్యం కోసం మా ఇంటికే వచ్చి స్పీకర్ పెట్టింది. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. కేసు పోయిందని తెలుసన్నాడు. తమ ప్రశ్న అది కాదట. అలాంటి కేసు నమోదైతే పది పనిదినాల్లో లైసెన్స్ ఉన్నవాళ్లే బోర్డుకు చెప్పాలట. కేసు నిలిచినా పోయినా సరే, చెప్పకపోవడమే తప్పట. లైసెన్స్ ఆపేసే అధికారం కూడా తమకుందన్నాడు.

కోర్టు కొట్టేసిన కేసుకి, నోరు మూసుకున్నందుకు శిక్షా!

చెప్పొద్దని ఎవరైనా సలహా ఇచ్చారా అని అడిగాడు అధికారి.

ఇప్పుడైనా "నేనే" అంటాడేమోనని మా ఆయన వంక చూశాను. ఆయన కార్పెట్ చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరవబోతే మైత్రి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేదు, డెసిషన్ నాదే," అంది.

లైసెన్స్ పోలేదు. మందలింపు మాత్రం బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టారు. మైత్రి పేరు కొడితే ఎవరికైనా కనబడుతుంది, ఆమె చెయ్యి పట్టుకుని నడక నేర్చుకునే రోగికి కూడా. మా ఆయన పేరు అందులో ఎక్కడా లేదు.