చక్రాల ఇంటికి ఒడిబియ్యం

చక్రాల ఇల్లు కొనేవాడు ముందు కప్పు చూడాలి. నేను కిటికీలకున్న పూల పరదాలు చూసి మురిసిపోయాను. తాండూరు నాపరాయి గనుల దగ్గర అనంతమ్మ, ఆమె భర్త ఏళ్ల తరబడి కాపురమున్న ట్రైలర్ అది. కొత్త ఇల్లు కట్టుకుని దాన్ని నాకు అమ్మారు.

జీపుకు తగిలించి బయలుదేరబోతుంటే అనంతమ్మ ఆపింది. తలుపుకు పసుపు కుంకుమలు పెట్టి, కొత్త రవికె గుడ్డలో ఒడిబియ్యం కట్టి లోపల ఉంచింది.

"మా బిడ్డను పంపుతున్న. గిప్పటి నుంచి నువ్వు మా అల్లునివి. పైలం!" అంటూ కళ్లు తుడుచుకుంది.

ఆమెకంటే పదేళ్లు పెద్దవాణ్ణి. అయినా తలూపాను.

వికారాబాద్‌లో ఆపి, లోపల నడుం వాల్చానో లేదో వాన. వాళ్ల బిడ్డ పైనుంచి కిందిదాకా ఏడ్చింది. బియ్యం నానాయి, నేనూ నానాను. ఒళ్లంతా పులిసిపోయి, మర్నాడు బండిని పుట్టింటికే తిప్పాను.

అనంతమ్మ కోడికూర వడ్డించింది. నేను చేయి పెట్టలేదు.

"ఏమాయె అల్లుడా, ఉప్పెక్కువైందా?"

"అలిగాను అత్తమ్మా. కప్పు బాగుచేస్తేనే ముద్ద ముడతాను."

ఆమె నవ్వాపుకుంటూ మొగుడి వైపు తిరిగింది. "ఇంకేం జూస్తున్నవ్? ఎక్కు జర!"

మామగారు మిట్టమధ్యాహ్నపు ఎండలో తారు డబ్బాతో పైకెక్కాడు. ఆయన ఆఖరి చిల్లు పూడ్చాకే అన్నం కలిపాను. ఆయన దిగి చేతులు కడుక్కునేలోపు గిన్నెలో కూర మిగల్చలేదు.