మారెప్పన్న చెప్పిన లైన్లు

ఇప్పుడే పీకి చొక్కా జేబులో వేసుకున్న పింగాణీ ఫ్యూజు గుండెకు వెచ్చగా తగులుతోంది. హాల్లో మెకానిక్కు నిచ్చెనెక్కి ఫ్యాను విప్పుతున్నాడు. "స్విచ్చి ఆపితే చాలు కదా తాతా" అని నవ్వాడు. ఈ జేబు చరిత్ర అతనికేం తెలుసు? బాగలూరు పక్కన రెండు వందల మంది కొడవళ్ళతో మీదికొస్తే, కరెంటు కంబం మీదున్న మనిషి ప్రాణం కోసం ఒంటరిగా ఎదురు నిలబడ్డవాణ్ణి నేను. ఆ మాటే అతనికి చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే కంబం మీది మనిషి కళ్ళ ముందుకొచ్చాడు.

ఆయన మారెప్ప. హోసూరు చుట్టుపక్కల పల్లెలకు లైన్‌మన్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆయన కింద హెల్పరుగా వేశారు. మొదటిరోజు సైకిళ్ళ మీద పోతూ అడిగాడు: "లైన్ అంటే ఏమప్పా?" కరెంటు తీగ అన్నాను. "అంతేనా?" అని ఆయన మొదలుపెట్టాడు. రేషన్ షాపు ముందు నిలబడేది లైన్. ఫోన్లో అవతలివాడు ఉండమనేది లైన్లో. ఫ్యాక్టరీవాళ్ళు కాపురముండేది లైన్ ఇళ్ళలో. రోజా తోటలో మొక్కలు నాటేది లైన్లలో. "నేను లైన్ వేసింది బతుకులో ఒక్కసారే. అదీ అంచెట్టి లైన్ బస్సులో. ఆ లైన్ ఇప్పుడు ఇంట్లో రాగిముద్ద కెలకతా ఉంది" అని గట్టిగా నవ్వాడు. ఆయన భార్య నాగమ్మది అంచెట్టి వైపు ఊరు. అప్పటినుంచి దారి పొడుగునా అదే మా ఆట. కొత్త లైన్ ఎవరు కనిపెడితే వాళ్ళకు టీ. ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు, టీ మాత్రం నాకే ఇప్పించేవాడు.

కంబం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయేది. తక్కినవాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి అక్కడే గట్టు మీద పెట్టి పోయేవారు. మారెప్పన్న నన్ను నేల మీద కూర్చోబెట్టి, నా ఒళ్ళో తువ్వాల పరిచి, ఫ్యూజులు అందులో పెట్టేవాడు. చేతిలో పట్టుకుంటాలే అన్నానొకసారి. "వద్దప్పా. చేతిలో ఉంటే ఎవురన్నా అడిగితే చెయ్యి ఊరికే చాపేస్తుంది. ఒళ్ళో ఉంటే తియ్యాలంటే రవ్వంత ఆలోచన చెయ్యాల" అన్నాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఆయనే వచ్చి చెయ్యి చాపాలి, అప్పుడే ఇవ్వాలి. ఆయన పంపించాడని ఎవరొచ్చి చెప్పినా చెల్లదు.

బాగలూరు పక్కన ఆరోజు తీగ తెగింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నేను, నీలగిరి చెట్ల అవతల కంబం మీద ఆయన. నాకు కనబడడు. కొత్తగా నాటిన రోజా మొక్కలు ఎండకు వాడిపోతుంటే తోట యజమాని ఆగలేక వచ్చాడు. "మారెప్ప దిగేసినాడప్పా, నా కండ్లతో చూసినాను. ఫ్యూజులు ఇట్లియ్యి, మోటారు ఆన్ చేసుకోవాల" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. మారెప్పన్న దిగిన మాట నిజం. దిగి, పక్క కంబం ఎక్కాడు. అది నాకూ తెలియదు, తోటాయనకూ తెలియదు. అరిచాడు, తిట్టాడు, చివరికి బతిమాలాడు. నా ఒళ్ళోవి నా ఒళ్ళోనే ఉన్నాయి. చాలాసేపటికి చెట్ల సందులోంచి మారెప్పన్న వచ్చి చెయ్యి చాపాడు. అరుపులన్నీ పైనుంచి విన్నాడట.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు ఆపి అన్నాడు: "ఇంకో లైన్ దొరికిందప్పా. పైన ఉండేవానికి లైన్ అంటే తీగ కాదు. కింద కూసున్నోడే."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కంబం మీద కాదు, ఇంట్లో, నిద్రలో. నేను రిటైరైనా మా ఇంట్లో ఎవరు నిచ్చెనెక్కినా ఫ్యూజు నా జేబులోకి వచ్చేస్తుంది.

నా రెండు వందల మంది కథ మెకానిక్కుకు చెప్పి ముగించేసరికి గుమ్మంలో నాగమ్మక్క నిలబడి ఉంది. మా వెనక వీధిలోనే ఉంటుంది. తన ఫ్యానుకూ ఈ మెకానిక్కునే పిలుచుకుపోదామని వచ్చి, కథంతా వినేసింది.

"ఎన్ని వందల మందప్పా?" అంది.

"ఇరవై మంది ఉంటారేమో అక్కా."

ఆమె కన్నార్పలేదు.

"సరే, ఇద్దరు. తోటాయన, ఆయన బామ్మర్ది. కొడవలి ఒకటే. అదీ గడ్డి కోసేది."

మెకానిక్కు కిందికి దిగి, తనే వచ్చి చెయ్యి చాపాడు. ఫ్యూజు ఇచ్చాను. పరువు కొంచెమైనా మిగుల్చుకుందామని, "ఎంతమందైతేనేం అక్కా, ఎదురు నిలబడినాను కదా" అన్నాను.

"యాడ నిలబడినావు? కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతివంట! ఆయప్ప ఇంటికొచ్చి చెప్పి ఒకటే నవ్వు. నవ్వి నవ్వి, 'లేవలేడు సరే, చెయ్యి చాపి ఇచ్చేసుండొచ్చు గదా, ఇయ్యలేదు. రేపు కూడా వాణ్ణే పిలుచుకుపోతా' అన్నాడు. చెప్పేదేదో సరిగ్గా చెప్పు. నువ్వు నిలబడలే. కూసోనుంటివి."