పళ్లతో విన్న అక్రోటు చెక్క

నాలుగో తరగతితో బడి మానేసినవాడిని. రాయడం ఇదే మొదలు. అక్షరాలు తప్పుతాయేమోనని భయంగా ఉంది, మన్నించి చదవండి.

నేను మదనపల్లెలో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగిని. ఎనభైల్లో కుప్పం సంగీతం సారు ఒకరు నన్ను నమ్మి గిటారు చేయమన్నారు. అది బాగా మోగకపోతే మళ్లీ తలుపులే గతి అని నాకు కుదురు లేదు.

వెనక పలకకు అక్రోటు చెక్కే కావాలన్నారు. పనస పెడతానంటే ఒప్పుకోలేదు. అక్రోటు మన వైపు పెరగదు. చివరికి పుంగనూరు సామిల్లులో, పాత అక్రోటు బీరువా విప్పగా వచ్చిన పలకలు రెండు దొరికాయి. ఒకటి బరువు, ఒకటి తేలిక. తట్టి వింటే మంచిదేదో తెలుస్తుంది గానీ, రంపం మిషను హోరులో ఏమీ వినబడలేదు. పలక అంచు పళ్లతో పట్టుకుని వేలితో తట్టాను.

“ఏమప్పా, సెరుకనుకొంటివా?” అని మిల్లు సాయిబు నవ్వాడు.

“సెవులకు ఇనబడల్యాదన్నా. పండ్లకైతే తెలుస్తాది.”

బరువుది మొద్దుగా దబ్‌మంది. తేలికది దవడ దాకా గుంయ్‌మని మోగింది. అయినా తలుపులకు బరువైందే ఏరుకునే అలవాటు నాది. బరువుది గేటు దాకా మోసి, మనసొప్పక వెనక్కొచ్చి తేలికది తీసుకున్నాను.

గిటారు అయ్యాక కుప్పం తీసుకుపోయాను. సారు ఇల్లు స్టేషను పక్కనే. ఆయన తీగ మీటగానే గూడ్సు బండి హోరుమంటూ వచ్చింది. అది ఎంతకీ పోదు. నేను ఆగలేకపోయాను.

“కొంచిం అంచు కొరకండి సార్” అన్నాను.

ఆయన నన్ను వింతగా చూసి, గిటారు అంచు పళ్లతో పట్టి మీటారు. బండి వెళ్లిపోయినా వదల్లేదు.

చెక్క పనివాడి రాత ఇది. గరుకు తగిలిన చోట క్షమించండి.