దాలమ్మ ఆర్పిన కుంపటి

మా తోటికోడలు దాలమ్మని పొందూరులో అందరూ కుంపటి దాలమ్మ అనేవారు. ఆ పేరు నాకు నచ్చేది కాదు, దానికి మాత్రం గొప్పగా ఉండేది. వీధిలో ఎవరికి పురుడొచ్చినా మంచం కింద కుంపటి పెట్టడానికి దాన్నే పిలిచేవారు. బొగ్గులు రాజేసి, పొగ చచ్చేదాకా గుమ్మం బయటే ఉంచి, అప్పుడు గదిలోకి తెచ్చేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నేను పెద్దకోడల్ని, అయినా సరే. ఇప్పుడు ఎవరు పిలిచినా వెళ్ళదు.

అరవై ఎనిమిదిలో, కార్తీకమాసంలో, దాని కూతురు కన్యాకుమారి ఎనిమిదో నెలలోనే కనేసింది. ఆడపిల్ల, నా అరచేతికి కొంచెం పెద్దది. వెచ్చగా ఉంచమంది డాక్టరమ్మ, పొగ తగలనివ్వొద్దంది. అల్లుడు గోవిందరావు విజయనగరం వెళ్ళి కరెంటు హీటరు తెచ్చాడు. హీటరంటే అన్నం వండుకునే తీగల పొయ్యి అనుకునేదాన్ని. ఇది అద్దంలా నిలబడి ఎర్రగా కాగేది. మంచి కుర్రాడే, పాపం. ఇంక కుంపటి గదిలో ఉండకూడదన్నాడు.

"అల్లుడు సెప్పాక నానేటంటాను, అక్కా" అని దాలమ్మ పురిటినిప్పు మీద నీళ్ళు పోసేసింది. పురిటిస్నానం దాకా ఆ నిప్పు ఆర్పకూడదని ఊరందరికీ చెప్పిన మనిషి.

వారం తిరక్కుండానే గాలివాన పట్టుకుంది. దీపాలవేళ కరెంటు పోయింది. వంటసాలలోకి జల్లు కొట్టి పొయ్యి చల్లారింది, బొగ్గు తడిసింది, అగ్గిపుల్లలు గీస్తుంటే మెత్తగా విరిగిపోయాయి. గోవిందరావు డాక్టరమ్మ కోసం వానలో పరిగెత్తాడు. నేను పక్కింటి సూర్యకాంతాన్ని ఇన్ని నిప్పులు అడిగాను.

"దీపాలెట్టాక నిప్పు గడప దాటించకూడదు వదినా. అగ్గిపెట్టయినా అంతే."

చెడ్డదేం కాదు. వాళ్ళత్త పక్కనే కూర్చుని చూస్తోంది. చెంబుడు వేణ్ణీళ్ళు మాత్రం ఇచ్చింది.

ఆ చెంబుకి గుడ్డ చుట్టి పిల్ల పక్కన పెట్టాం. చల్లారింది. మళ్ళీ తెచ్చాను, అదీ చల్లారింది. కన్యాకుమారి గోడవైపు తిరిగి పడుకుంది. దాలమ్మ రవిక విప్పి, పిల్లని గుండెలకి అదుముకుని, పైన నా చీర కప్పమంది.

"కాళ్ళు సూడక్కా, ఎచ్చగా ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. లేవు.

పిల్ల పోయాక, వాన వెలిసాక, కరెంటు వచ్చింది. హీటరు ఎర్రగా కాగింది, గదంతా వేడెక్కిపోయింది. దాన్ని ఎలా ఆర్పాలో మా ఇద్దరికీ తెలీదు. గోవిందరావు వచ్చేదాకా అలా మండుతూనే ఉంది. దాలమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని దాని ముందే కూర్చుంది.