తుప్పు టబ్బు మీద ఒక్క దెబ్బ

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. భయాలు లేక కాదు; ఉన్నవన్నీ మా ఆఫీసరు, వీధికుక్కల వంటి బతికున్నవాటి గురించే. అందుకే ఈ సంగతి రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు, నా చేతికి డిజిటల్ కెమెరా మాత్రం వచ్చింది. గోదావరిఖని అవతల చెరువు శిఖంలో, నీళ్లు తగ్గినచోట తుంగ పెరిగిన చిత్తడి మీదికి చలికాలం చేపల గద్దలు వచ్చేవి. గద్దను పట్టాలని పోయి జలుబు పట్టించుకుని వచ్చేవాణ్ణి. నాకు తోడు రాజమల్లన్న. గనిలో బొగ్గు నింపే ఇనుప టబ్బులను తాడుతో లాగే హాలేజీ మీద ఆయన డ్యూటీ. నేను అదే గని ఆఫీసులో గుమస్తాను.

గట్టు మీద ఎవరో పారేసిన పాత టబ్బు బోర్లా పడి ఉండేది. దాని చాటున కూర్చునేవాళ్లం. మాట్లాడితే పక్షులు లేస్తాయని గని సైగలే వాడుకునేవాళ్లం. ఆయన రాయితో టబ్బు మీద మెల్లగా మూడు దెబ్బలు కొడితే నేను ముందుకు నడవాలి. ఒక్క దెబ్బ కొడితే ఆగాలి.

"కన్ను కెమెరాల, కాళ్లు దేవుని చేతుల వెట్టి నడుస్తవ్ రా నువ్వు. నీ కాళ్లకు నేనే కావలి" అనేవాడు. నిజమే. కింద బొగ్గు తీసిన నేల. ఎక్కడ కుంగుతుందో చెప్పలేం.

ఒక వానాకాలం రాజమల్లన్న జ్వరంతో దవాఖానలో పోయాడు. పగలూ రాత్రీ పక్కనే ఉన్న ఆయన భార్య స్వరూప వదిన, చాయ్ తేవడానికి కిందికి దిగిన కాసేపట్లోనే. చివరి మాట వినలేదన్నదే ఆమెను తినేసింది. ఎవరు పలకరించడానికి వచ్చినా "నాకేమన్న చెప్పుమన్నడా?" అని అడిగేది.

చలికాలంలో ఒంటరిగా పోయాను. పొద్దు బాగా ఎక్కింది. ఎండిన మోడు మీద గద్ద, దాని కాళ్ల కింద చేప. కన్ను కెమెరాకు ఆనించి నడుస్తున్నాను. వెనక నుంచి ఠంగుమని ఒక్క దెబ్బ.

అలవాటుగా ఆగాను. నా బూట్ల ముందే గట్టు పెళ్లగా విరిగి నీళ్లలోకి జారిపోయింది.

తిరిగి చూస్తే టబ్బు దగ్గర ఎవరూ లేరు. కనుచూపు మేరలో ఎవరూ లేరు. ఇంకో సంగతి. అంత దెబ్బకు గద్ద కదల్లేదు. మట్టి జారిన చప్పుడుకే లేచింది.

చెప్పాలా వద్దా అని చాలా రోజులు నలిగి, చివరికి వదినకు చెప్పాను.

"ఇంకేమన్నడు?" అంది.

"ఏమనలే వదినా. ఒక్కటే దెబ్బ."

"నీకు గద్ద ఫికరు, ఆయనకు నీ ఫికరు. నా ఫికరు ఎవలికి లేదా తమ్మీ? నన్ను గాడికి తోల్కపో."

ఆదివారం తీసుకుపోయాను. టబ్బుకు చెవి ఆనించి కూర్చుంది. నేను కెమెరా సంచిలోంచి తీయలేదు. గద్ద వచ్చింది, పోయింది. పొద్దు నడినెత్తికి వచ్చాక లేచి, చెంపకంటిన తుప్పు కొంగుతో తుడుచుకుంది.

"పోదాం పా. డ్యూటీ మీదున్నడేమో" అంది.

ఎండకు ఇనుము చప్పుడు చేస్తుందని మా గని ఫిట్టరు తేల్చేశాడు. కావచ్చు. కానీ ఆ ఆదివారమూ ఎండ బాగానే కాసింది. ఆమె చెవి ఆనించి ఉన్నంతసేపట్లో, ఉత్త ఎండకైనా సరే, ఆ ఇనుము ఒక్కసారి మోగితే ఏం పోయేది?