చూరు కింద అంబలి

మా ఇంట్లో ఇప్పటి పిల్లలు ప్రార్థనకు కూర్చుంటే పరమ తండ్రిని సంతలో కొట్టువాణ్ణి అడిగినట్టు అడుగుతారు. అది ఇయ్యి, ఇది ఇయ్యి, బేగి ఇయ్యి. నేను ఒక కన్ను తెరిచి దీపంలో కిరసనాయిలు ఎంత తగ్గిందో చూసుకుంటాను. మా చిన్నతనంలో అయ్యను ఏదైనా అడగడమంటే ఆయనకు కళ్లు కనబడడం లేదని చెప్పినట్టే. ఇచ్చేది ఉంటే ఇస్తాడు, లేకపోతే తిడతాడు. ఎక్కువగా రెండోదే దొరికేది.

మన్యంలో పితూరి అణిగిపోయిన తరువాతి ఏళ్ల మాట. కింది ఊళ్ల నుంచి ఒక ఉపదేశి మా కొండ మీదికి వచ్చి, గడ్డిపాక వేయించి, అందులో బడి, ఆదివారం ప్రార్థన పెట్టాడు. నా చదువంతా ఆ పాకలోనే. అక్షరాలు కూడబలుక్కునేసరికి పోడు కోతలు వచ్చాయి, చదువు అయిపోయింది.

ఉపదేశి ఎప్పుడూ చెప్పేది ఒకటే. దేవుడు ప్రేమగల తండ్రి, తప్పు చేసినవాళ్లు తిరిగి వస్తే ఏమీ పుచ్చుకోకుండా చేరదీస్తాడు. మావాళ్లకు ఇది మింగుడుపడలేదు. మా కొండ దేవతలందరూ కోడికో మేకకో శాంతించేవాళ్లే. ఏమీ అడగని దేవుడంటే మనసులో ఏదో పెద్దదే పెట్టుకున్నాడని అనుమానం. అయ్య ఉపదేశి ముఖం మీదే అన్నాడు, "తప్పు కట్టించుకోకుండా కలిపేసుకుంటే నీ దేవుడి ఊరినిండా దొంగలే ఉంతారు కాదేటి?"

ఉపదేశి నవ్వి, అవునన్నాడు. అయ్యకు ఆ జవాబు నచ్చలేదు. ఆ పాకలో అడుగు పెట్టలేదు. అమ్మనూ నన్నూ మాత్రం ఆపలేదు, మేము అక్కడున్నంతసేపు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందట.

తప్పు కట్టడమంటే మావాళ్ల ఆచారం. మా జాతి కానివాళ్ల ఇంట ఉండి తిన్నవాళ్లు ఊరికి బయటే. మళ్లీ కలవాలంటే తప్పు చేసినవాళ్లే తమ చేత్తో పందిని ఇచ్చి ఊరికి విందు పెట్టాలి. అందాకా వాళ్ల ఆకులో చెయ్యి పెట్టినవాడు కూడా బయటివాడే.

మా అక్క, ఉప్పు ఎద్దులు తోలుకొని కొండెక్కే మైదానపువాడితో వెళ్లిపోయింది. ఆమె చేసే పనులన్నీ, నీళ్లు, దంపుడు, పంది మేత, నా మీద పడ్డాయి. అయ్య ఆమె పేరు ఎత్తలేదు.

మళ్లీ తొలకరి ముందు ఆమె తిరిగి వచ్చింది. వాడికి కింద ముందే పెళ్లాం ఉందట. ఒంటి మీది గుడ్డ తప్ప చేతిలో ఏమీ లేదు. ఇంట్లోకి రాకూడదని ఆమెకు తెలుసు. చూరు కింద గోడకు ఆనుకొని కూర్చుంది. అమ్మ అడ్డాకు దొప్పలో చోడి అంబలి పోసి, కింద పెట్టి, కర్రతో ముందుకు జరిపింది. నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది గాని, ఆ దొప్ప కుట్టింది నేనే అన్నదే నాకు గుర్తుంది.

అమ్మ ఊరి పెద్ద కాళ్ల మీద పడింది. పెద్దలు కూర్చున్నారు. పంది తప్పు చేసినదాని చేతి మీదుగా రావాలి, అక్కకు పంది లేదు. మా ఇంట్లో ఉన్నది, నేను చోళ్ల తవుడు పెట్టి మేపినది, అయ్యది. మగవాడి వెంట వెళ్లిన ఆడది తండ్రి ఇంటిది కాదు గనక అయ్య ఆమె తరఫున ఇవ్వకూడదు. ఆ మగవాడే ఇవ్వాలి, వాడు మావాడు కాదు. పెద్దలు చాలాసేపు ఆలోచించి, ఆచారం చక్కగానే ఉందనీ, దారి మాత్రం లేదనీ తేల్చారు.

అప్పుడు అమ్మ ఉపదేశి దగ్గరకు వెళ్లింది. ఏమీ పుచ్చుకోని తండ్రి తాలూకు మనిషి కదా. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, నిజంగానే. ప్రార్థన కూడా చేశాడు. పాకలో చోటు అడిగితే మాత్రం, వానలు వెలిశాక మిషను దొరగారు వస్తారు, సంఘం ముందు తప్పు ఒప్పుకోవాలి, అందాకా గుమ్మం బయట కూర్చొని వినవచ్చు అన్నాడు. దేవుడికి అభ్యంతరం లేదట, సంఘానికి ఒక క్రమం ఉందట. అలా అక్కకు రెండు చోట్లా చూరే దక్కింది.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. అయ్య పోడు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. అమ్మ లోపల ఆయనకు అంబలి పోసి ఉంచింది. ఆయన లోపలికి రాలేదు. చూరు కిందికి వెళ్లి, అక్క పక్కన చతికిలబడి, ఆమె సగం తాగి పెట్టిన దొప్ప ఎత్తి మిగిలింది తాగేశాడు.

"ఉప్పు లేదు," అన్నాడు. ఉప్పు ఎద్దులవాడితో పోయి వచ్చిన కూతురి పక్కన కూర్చొని అనవలసిన మాటే.

ఎదురింటివాళ్లు చూశారు. ఊరి పెద్ద నెత్తిన ఆకుల గిడుగు వేసుకొని వానలోనే వచ్చాడు.

"ఏటి సేసినావురా? మతి పోనాదేటి?"

"దాని ఆకులో తాగినాను. తప్పే. నానూ బయటోడినే."

"కావాలనే సేసినావు."

"ఆకలేసింది. ఇప్పుడు తప్పు నాది, పంది నాది. నా సేత్తోనే ఇత్తాను. నాతో ఒకే ఆకులో తిన్నోళ్లని నాతో పాటే కలపాల. కాదంతావా, నన్ను బయటే ఉంచీ. ఊరి దుక్కికి నా ఎడ్లు కూడా బయటే ఉంతాయి."

పెద్ద వానలో నిలబడి ఆ న్యాయాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. లొసుగు దొరకలేదు. పైగా పంది బాగా కొవ్వి ఉంది.

విందు జరిగింది. అక్క లోపలికి వచ్చింది. అయ్య ఆమెను ఓదార్చాడనుకునేరు, కట్టెలు తడవనిచ్చిందని తిట్టాడు. ఆమె తలవంచుకొని తిట్లన్నీ విని, పొయ్యి ముట్టించింది.

నేను బడిలో ఉపదేశిని అడిగాను. మీరు చెప్పే తండ్రి ఇంట్లో కూర్చొని రమ్మంటాడా, బయటికి వచ్చి తింటాడా అని. ఆయన మా ఇంటి వైపు చూసి, "బయటికే వచ్చాడమ్మా. వచ్చినందుకు ఆయన్నీ బయటివాడిగానే చూశారు," అన్నాడు. నేను తండ్రి అని దేవుణ్ణి పిలవడం అప్పటి నుంచే. అంతకుముందు పిలిచింది పాఠం అప్పజెప్పడమే.

అంత మాట చెప్పినా ఉపదేశి క్రమం మాత్రం మారలేదు. ఆదివారం అక్కను గుమ్మం బయటే కూర్చోమన్నాడు. ఊరు కలుపుకున్నది వేరు, సంఘం కలుపుకునేది వేరట. కాసేపటికి అయ్య వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా గుమ్మం బయట అక్క పక్కన కూర్చున్నాడు. ఉపదేశి గొంతు హెచ్చించి తండ్రి ప్రేమ గురించే చెప్పాడు. అయ్య సగం వినకముందే నిద్రపోయాడు. తల వాలిపోతుంటే అక్క భుజం కదపకుండా కూర్చుంది.